ఓపిక లేని రోజు పనులు వదిలేయాలా, లాక్కురావాలా?

నిదానం:
నిన్న లేచేసరికి ఒళ్లు బరువు. జ్వరం లేదు, నొప్పి లేదు. చేయాల్సినవి పదమూడు పనులు, ఒక్కటీ ముట్టుకోబుద్ధి కాలేదు. చివరికి మూడే రాసుకున్నాను: అమ్మ మందులు, బాబు ఫీజు, ఆఫీసుకు ఒక మెయిలు. మిగతావి వదిలేశాను. ఉతికిన బట్టలు కుర్చీ మీద కుప్పగానే ఉన్నాయి. ఇలా వదిలేయడం తప్పా?

కొలిమి:
తప్పే. ఓపిక వచ్చాక మొదలుపెడదామంటే అది రాదు, పనిలో దిగాకే వస్తుంది. నా సొంత మాట కాదిది. డిప్రెషన్‌కు చేసే చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటుంది. దానికి 1970ల్లో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వవేత్త దారి వేశాడు. మనసు కుదిరేదాకా ఆగకుండా చిన్న పనితో కదిలించడమే పద్ధతి. బట్టలు మడతపెట్టడానికి పది నిమిషాలు. అవీ లేవా?

నిదానం:
చిన్న పని అని మీరే అన్నారు. నేను మూడు చేశాను.

గోరంత:
మా ఇంట్లో బట్టలు వారం నుంచి మంచం మీదే. ఎవరికీ ఏమీ కాలేదు.

కొలిమి:
కుప్ప కళ్లెదుట ఉంటే మర్నాడు ఇంకా బరువు. నా ప్రశ్న బట్టల గురించే. పది నిమిషాలు ఎందుకు లేవు?

వేకువ:
కొలిమి గారూ, నేనూ నన్నిలాగే నిలదీసుకున్నాను. ఆరు నెలలు సోమరితనమే అనుకున్నాను. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. రక్తహీనత ఉన్నా, నిద్ర సరిగ్గా పట్టకపోయినా ఇలాగే ఉంటుంది. ఇంకో మాట. 2010లో వోల్, పిచిల్, బెనెట్ విద్యార్థుల మీద ఒక పరిశీలన చేశారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు, తర్వాతి పరీక్షకు అంతగా వాయిదా వేయలేదు. తిట్టుకుంటే పని జరుగుతుందన్నది నా విషయంలోనైతే అబద్ధం.

కొలిమి:
అందరికీ థైరాయిడ్ ఉండదు.

వేకువ:
అందరికీ ఉందని నేననలేదు. చదివి జవాబివ్వండి.

కొలిమి:
చదివాను. క్షమించుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. మా అన్నయ్య రెండేళ్లు "ఈ రోజు నా వల్ల కాదురా" అనే గడిపాడు. నాన్న పక్షవాతంతో మంచాన ఉన్నారు. వాడు వదిలేసినవన్నీ నా నెత్తిన పడ్డాయి. నీకు ఓపిక ఉందా అని నన్ను ఒక్కరూ అడగలేదు. వదిలేశాను అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వేకువ:
అంటే మీ కోపం అన్నయ్య మీద. నిదానం గారి బట్టల మీద కాదు.

కొలిమి:
రెండింటి మీదా. ఆ బట్టలు చివరికి మడతపెట్టింది ఎవరు? ముందు అది చెప్పమనండి.

నిదానం:
మా ఆవిడ. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి. నేను చేయమనలేదు, నాకు బాగాలేదనీ చెప్పలేదు. తనకు ఓపిక ఉందో లేదో కూడా అడగలేదు.

చిన్నక్క:
అసలు సంగతి ఇదీ. చెప్పి వదిలేయడం వేరు, చెప్పకుండా వదిలేయడం వేరు. మా ఇంట్లో పొద్దున్నే ఓపిక పదికి ఎన్ని మార్కులో చెప్పుకుంటాం. నాది మూడు, ఆయనది ఏడు అయితే ఆ రోజు పనులు ఎక్కువ ఆయనవి. ఇద్దరిదీ మూడే అయితే బట్టలు అక్కడే ఉంటాయి, ఎవరూ బాధపడం.

కొలిమి:
మా వాడు రోజూ మూడే అనేవాడు.

వేకువ:
రెండు వారాలు వరుసగా అలాగే ఉంటే డాక్టరుకు చూపించాలి. డిప్రెషన్ అని తేల్చడానికి వాళ్లు చూసే గడువూ అంతే. చూపించారా?

కొలిమి:
లేదు. ఎవరికీ తోచలేదు.
అయినా నాన్న పక్కబట్టలు మార్చడం ఒక్కరోజు కూడా ఆగేది కాదు. దానికి మీ దగ్గర జవాబుందా?

వేకువ:
లేదండీ. వారానికి ఒక్కరోజైనా మీ బదులు ఇంకొకరు వచ్చి ఉండాల్సింది.