సమస్యాపూరణం: “వెన్నుఁ జూపి పాఱి వీరుఁ డయ్యె”

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందు మూడు పాదాలు రాసి, పొసగనట్లున్న ఈ మాటకు అర్థం కుదర్చడమే పూరణ.

వెన్నుఁ జూపి పాఱి వీరుఁ డయ్యె.

పూరణలకు ముందు పీటముడి ఎక్కడుందో చెబుతాను. భగవద్గీత 18వ అధ్యాయం క్షత్రియుని సహజకర్మలను చెబుతూ శౌర్యం, తేజస్సు, ధృతి, దాక్ష్యం అని, ఆ వెంటనే ‘యుద్ధే చాప్యపలాయనమ్’ అంటుంది. మనుస్మృతి 7వ అధ్యాయం మరింత కఠినం: భయపడి మరలి శత్రువు చేతిలో చచ్చినవాడికి ప్రభువు చేసిన పాపమంతా అంటుకుంటుందనీ, వాడు కూడబెట్టుకున్న పుణ్యం ప్రభువుకే చేరుతుందనీ చెబుతుంది. అంటే పారిపోవడం, వీరుడు కావడం ఒకచోట ఇమడవు. నాట్యశాస్త్రకర్త భరతుడు వీరరసాన్ని దాన, ధర్మ, యుద్ధ భేదాలతో మూడు విధాలన్నాడు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు దయావీరుణ్ణి కూడా చేర్చి నాలుగు చేశాడు. యుద్ధవీరుణ్ణి పక్కన పెట్టి దానవీరుడి చాటుకు జారుకునే దారి ఉన్నప్పటికీ, ‘పాఱి’ అన్న మాట పోరునే కోరుతున్నది కనుక కురుక్షేత్రాన్నో మథురనో ఎదుర్కొన్న పూరణలకే ఈసారి మొగ్గు చూపుతాను.

తెనాలి సభ్యుడు:

కాలయవను శౌరి కదలించి తనవెంట
గుహను నిదురవోవు కువలయపతి
చూపుమంటఁ గూల్చి శూరసేనులఁ గాచి
వెన్నుఁ జూపి పాఱి వీరుఁ డయ్యె.

భాగవత దశమస్కంధ కథను ఆధారం చేసుకున్నాను. ఆయుధం లేకుండా కాలినడకన మథుర వెలుపలికి వచ్చిన కృష్ణుణ్ణి కాలయవనుడు తరుముకుంటూ పోయి, గుహలో నిద్రిస్తున్న ముచుకుందుణ్ణి కృష్ణుడే అనుకొని తన్ని, అతని చూపు సోకి భస్మమైన సంగతి అందరికీ తెలిసినదే. గుజరాత్‌లోని డాకోర్‌లోనూ ద్వారకలోనూ స్వామిని నేటికీ రణఛోడ్ రాయ్ (రణం విడిచిన స్వామి) అని కొలుస్తున్నారు.

నిర్వాహకుడు:

ఆర్యా, ధార నిర్దుష్టంగా ఉంది. మూడో పాదంలో ‘చూ–శూ’ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) చెల్లుతుంది. ‘కువలయపతి’ అన్న మాటతో మాంధాత కుమారుడైన ముచుకుందుణ్ణి సూచించడం పొదుపుగా ఉంది. చిక్కు క్త్వార్థాల (‘చేసి’, ‘పోయి’ వంటి, ముందు జరిగిన పనిని చెప్పే క్రియల) వరుసలో ఉంది. ‘గూల్చి, గాచి, వెన్నుఁ జూపి, పాఱి’ అని చదివితే శౌరి (కృష్ణుడు) ముందు శత్రువును కూల్చి, ప్రజలను కాచి, ఆ తరువాత పారిపోయాడని అర్థం వస్తుంది. గెలిచాక పారిపోవడమెందుకు? రెండు క్రియలనూ తుమున్నర్థంలోకి మారిస్తే చాలు:

చూపుమంటఁ గూల్ప శూరసేనులఁ గావ

ఇప్పుడు కూల్చడానికీ కాచడానికీ పాఱినట్లవుతుంది, గణాలు చెదరవు.

కడప సభ్యురాలు:

సవరణ బాగుంది. అయితే నాకు కథాఘట్టం ఎంపిక మీదనే అభ్యంతరం. కాలయవనుడి ముందు పరుగు ఒక పన్నాగం. దాని వెనువెంటనే, ఇరవైమూడు అక్షౌహిణులతో వచ్చిన జరాసంధుడి ముందు బలరామకృష్ణులు చేతికందిన ధనాన్ని కూడా వదిలి కాలినడకన అనేక యోజనాలు పరుగెత్తారే, ఆ ఘట్టం ఈ సమస్యకు ఇంకా తగినది. అక్కడ భాగవతం ‘అభీతౌ భీరుభీతవత్’ అని, భయం లేకపోయినా భయపడినవారిలా పోయారని సర్దిచెబుతుంది. భారతం ఆ సర్దుబాటు కూడా చేయదు. సభాపర్వంలో రాజసూయానికి ముందు జరిగిన ఆలోచనలో, జరాసంధుడి భయం వల్లనే మథుర విడిచి పశ్చిమాన కుశస్థలికి (ద్వారకకు) తరలిపోయామని కృష్ణుడే ధర్మరాజుతో చెప్పుకుంటాడు. ఆ మాట దాచకుండా చెప్పగలిగిన ధైర్యం పద్యంలోకి వచ్చి ఉంటే ఎంతో ఎత్తుకు పోయేది.

నల్లగొండ సభ్యుడు:

పద్మవ్యూహం ముంగిట, ద్రోణుణ్ణి తలచుకొని వెనుకాడమన్న సారథి సుమిత్రుడితో అభిమన్యుడు అంటున్న మాటలుగా:

సూత! చాలుఁ జాలు, సుభటులు నవ్వరే?
పార్థసుతుని తోడఁ బలుకఁ దగునె?
ఇందువంశమందు నెవ్వఁడు మును పోర
వెన్నుఁ జూపి పాఱి వీరుఁ డయ్యె?

నిర్వాహకుడు:

సమస్యను ప్రశ్నగా మార్చి విరోధాన్ని విడదీయడం పాత పద్ధతే అయినా ఎంచుకున్న సందర్భం వల్ల కొత్తగా తోచింది. కానీ అయ్యా, ‘ఇందువంశమందు నెవ్వఁడు’ అని అభిమన్యుడు అడగగానే తెనాలి వారి పద్యం చేయెత్తుతున్నది! యదువు యయాతి కొడుకే కదా. చంద్రవంశంలో పుట్టి, వెన్ను చూపి, వీరుడైనవాడు ఈ పిల్లవాడి మేనమామే.

నల్లగొండ సభ్యుడు:

అభిమన్యుడికి పదహారేళ్లు. మేనమామ పరుగులు ఆ వేళ గుర్తుకు రాకపోవడం సహజమని నా మనవి.

నిర్వాహకుడు:

గుర్తుకు రాకపోవడమేమిటి, ఆ ఘట్టంలోనే మేనమామ పేరెత్తుతాడు. ద్రోణపర్వంలో సుమిత్రుడికి ఇచ్చిన జవాబులో, విశ్వాన్ని జయించిన విష్ణువు, తన మేనమామ, ఎదురైనా, తండ్రి అర్జునుడే ఎదురైనా తనకు భయం కలగదని చెబుతాడు. అందుచేత ఈ సవరణ చూడండి:

పూరువంశమందుఁ బుట్టిన యెవ్వఁడు

యయాతి మరో కొడుకు పూరువు శాఖ అంటే యాదవులు తప్పుకుంటారు. ‘తగునె’ తరువాత ‘ఇందు’ అని అచ్చు రావడంతో వచ్చిన విసంధి (సంధి చేయకుండా వదిలిన దోషం) కూడా దీనితో పోతుంది.

బళ్లారి సభ్యుడు:

క్రమాలంకారంలో, అంటే ప్రశ్నల వరుసలోనే జవాబులిచ్చే పద్ధతిలో, ఒక ప్రయత్నం.

కర్ణుఁ డెట్లు తొలఁగె గంధర్వయుద్ధాన?
క్రీడి యేమి యయ్యెఁ గెలిచి యపుడు?
ప్రశ్న లివియె రెండు. బదు లొక్క పాదాన:
వెన్నుఁ జూపి పాఱి, వీరుఁ డయ్యె.

నిర్వాహకుడు:

ఘోషయాత్రలో రథం విరిగి వికర్ణుడి రథమెక్కి తొలగిన కర్ణుడు, దుర్యోధనుణ్ణి గంధర్వుల చెర నుంచి విడిపించిన అర్జునుడు — ఇద్దరూ కుదిరారు. మూడో పాదం ఖాళీని నింపడానికి తప్ప దేనికీ రాలేదు. ఈ పద్ధతిలో చిక్కు విడిపోతుంది కానీ వీరుడి గురించి మనకేమీ తెలియదు.

హ్యూస్టన్ సభ్యురాలు:

నేను ఛందస్సు నేర్చుకుంటున్నాను. యుద్ధం వదిలి జైన సంప్రదాయం వైపు వెళ్లాను, పెద్దలు మన్నించాలి.

వైభవములు రోసి వర్ధమానుం డంత
ముప్పదేండ్ల వేళ మోహ ముడిగి
రాజ్యభోగములకు మోహబంధములకు
వెన్నుఁ జూపి పాఱి వీరుఁ డయ్యె.

నిర్వాహకుడు:

అమ్మా, గణాలన్నీ సరిగా ఉన్నాయి. మొదటి పాదంలో ‘వై–వ’ యతి ధైర్యంగా వేశారు, చెల్లుతుంది. మూడో పాదంలో ‘రా’కు ‘మో’తో మైత్రి లేదు. ‘రాగబంధములకు’ అనండి, యతీ కుదురుతుంది, పై పాదంలోని ‘మోహ’ మళ్లీ రావడమనే పునరుక్తీ పోతుంది. రాజ్యాన్ని వదిలిన వర్ధమానుణ్ణి మహావీరుడని ఒక మతం యావత్తూ పిలుచుకోవడం ఈ దేశపు వీరభావనలో చాలా పెద్ద మలుపు. దాన్ని పట్టుకున్నందుకు అభినందనలు.

కడప సభ్యురాలు:

‘పాఱి’ అన్నది మాత్రం వర్ధమానుడికి అతకదు చెల్లీ. శ్వేతాంబర కథనం ప్రకారం తల్లిదండ్రులు బతికి ఉండగా సన్యసించనని ఆయన సంకల్పించుకున్నాడు. వారు పోయాక అన్న నందివర్ధనుడి అనుమతి కోసం ఆగి, అందరికీ చెప్పి, దానాలిచ్చి మరీ వెళ్లాడు. రాత్రివేళ కంథకమనే గుర్రమెక్కి, ఛందకుడు వెంట రాగా, ఎవరికీ చెప్పకుండా వెళ్లినవాడు కపిలవస్తు రాకుమారుడు, తరువాత బుద్ధుడైన సిద్ధార్థుడు. పరుగు అన్న మాట అతడికైతే నప్పుతుంది. ఆ కథతో ఇంకొక పద్యం రాయండి, చూడాలని ఉంది.

ఇక నా పూరణ:

మద్రవిభునిఁ దాఁకి మదకరిపై నిల్చి
మడిసె మత్స్యసుతుఁడు మహితయశుఁడు;
గోగ్రహణము నాఁడు కురుసేనఁ గని యోడి
వెన్నుఁ జూపి పాఱి వీరుఁ డయ్యె.

నిర్వాహకుడు:

ఈ సమస్యకు మత్స్యరాజు విరాటుడి కొడుకు ఉత్తరుడు వస్తాడని ఎదురుచూశాను. విరాటపర్వంలో అంతఃపుర స్త్రీల ముందు బీరాలు పలికి, కౌరవసేన కనపడగానే రథం దూకి పరుగెత్తిన ఉత్తరుణ్ణి తిక్కన చదువరి మరువలేడు. జడ ఊగుతుండగా వెంటపడిన బృహన్నల నూరడుగుల్లో జుట్టు పట్టుకుంటే, బంగారమిస్తాను, ఏనుగులిస్తాను, వదిలిపెట్టమని బతిమాలాడు. సాధారణంగా పూరకులు అక్కడే ఆగి, శమీవృక్షం దగ్గర ధైర్యం తెచ్చుకొని సారథి అయ్యాడు కనుక వీరుడయ్యాడని ముగిస్తారు. మీరు భీష్మపర్వం దాకా వెళ్లారు. కురుక్షేత్రంలో మొదటి రోజే ఉత్తరుడు ఏనుగునెక్కి శల్యుడి మీదికి పోతాడు. ఆ ఏనుగు మద్రరాజు రథాశ్వాలు నాలుగింటినీ తొక్కి చంపుతుంది. గుర్రాలు పోయిన రథం మీది నుంచే శల్యుడు విసిరిన ఇనుప శక్తికి (ఈటెకు) అతడు నేలకొరుగుతాడు. గోగ్రహణం చదివి నవ్వుకున్నవారిలో ఎందరు ఆ చావు దాకా చదివారో!

ముగింపును ముందు చెప్పి పరుగును తరువాత చెప్పడం వల్ల సమస్యాపాదం ఎత్తిపొడుపు కాకుండా నివాళి అయింది. ‘మహితయశుఁడు’ ఒక్కటే నాకు నచ్చలేదు. అది ఏ రాజుకైనా సరిపోయే విశేషణం.

తెనాలి సభ్యుడు:

నిర్వాహకులు అనుమతిస్తే నేనొక సవరణ సూచిస్తాను.

మడిసె మత్స్యసుతుఁడు మరల కెదుట

నాడు వెన్ను చూపినవాడు నేడు మరలకుండా ఎదుటనే మడిశాడన్న వైరుధ్యం దీనితో రెండో పాదంలోనే తెలుస్తుంది.

కడప సభ్యురాలు:

ఇంతకంటే బాగా నేను దిద్దుకోలేను, స్వీకరించాను. ఒక్క మాట చేరుస్తాను. మా రాయలసీమలోనూ పక్కన కన్నడసీమలోనూ పశువుల మందల కోసం పోరాడి చచ్చినవారికి నిలిపిన వీరగల్లులు (స్మారకశిలలు) ఎన్నో ఉన్నాయి. అందుచేత గోగ్రహణం కావ్యాలలోని కల్పనగా నాకు ఎన్నడూ తోచలేదు. ఆవులను తోలుకుపోతుంటే అడ్డం పడడం ఊరిలోని ప్రతి కుర్రవాడికీ తప్పని పరీక్ష అయిన కాలంలో, ఆ పరీక్షలో మొదట తప్పినవాడి కథ వినడానికి శ్రోతలకు ఎంత ఆసక్తి ఉండేదో ఊహించవచ్చు.

నల్లగొండ సభ్యుడు:

అయితే ఉత్తరుణ్ణి కృష్ణుడికంటే పైన పెడుతున్నారా?

నిర్వాహకుడు:

వ్యక్తులుగా కాదండీ, ఈ సమస్యకు పూరణలుగా పెడుతున్నాను. శౌరి పరుగుకు ముందూ వీరుడే, పరుగులోనూ వీరుడే; అతడి వెన్ను చూసి మోసపోయింది యవనుడొక్కడే. ఉత్తరుడి భయం నిజమైనది, పరుగు నిజమైనది. శాస్త్రం చెప్పిన ధీరోదాత్తాది నాయకభేదాలు నాలుగింటిలో ఏదీ ఆ పరుగు రోజున అతడికి నప్పదు, నాయకుడి పక్కన నవ్వు పుట్టించే పాత్రగానే అతణ్ణి నిలబెట్టారు. అటువంటివాడు యుద్ధం మొదటి రోజున, ఎవరూ జుట్టు పట్టి నిలపకుండానే శల్యుడికి ఎదురుపోయాడు. అందుకే ఈ వారం మొదటి స్థానం ‘మరల కెదుట’ సవరణతో కడప వారి పద్యానికి, రెండోది ‘పూరువంశ’ పాఠంతో నల్లగొండ వారి పద్యానికి ఇస్తున్నాను. తెనాలి వారు జరాసంధ ఘట్టంతో మరొక పూరణ పంపదలిస్తే ఈ దారం ఇంకా తెరిచే ఉంచుతాను.