ఆర్గాన్ సీసాలో వచ్చిన హైడ్రోజన్‌ను చెరువు లెక్కలో వేయొచ్చా?

పానగల్లు కట్ట:
మొన్న పిల్లలను ఒక సైన్స్ ప్రదర్శనకు తీసుకుపోయిన. ఒక చార్టు మీద ‘చెరువు నాచుతో ఊరికి హైడ్రోజన్’ అని పెద్దగ రాసి, కింద గ్రాఫు గీసిండ్రు. అది గాలిలో పెట్టిన సీసాదా, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపిన సీసాదా అన్నది ఎక్కడా లేదు. అడిగితే “ఆర్గానే సార్, గాలిలో సరిగ్గ రాదు” అన్నరు. నా అభ్యంతరమంతా ఇక్కడే. ఏ వాయువు కింద కొలిచిండ్రో చెప్పకుండా హైడ్రోజన్ ఇంత వచ్చిందంటే నేను ఒప్పుకోను.

అనబీనా వంటి నీలి ఆకుపచ్చ నాచుకు అసలు పని నైట్రోజన్‌ను అమ్మోనియా చేసుకోవడం. నైట్రోజినేజ్ అనే ఎంజైము ఒక్క నైట్రోజన్ అణువు మీద 8 ఎలక్ట్రాన్లు, 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చు పెడుతది. 6 ఎలక్ట్రాన్లు రెండు అమ్మోనియాలకు పోతయి, మిగిలిన 2 ఒక హైడ్రోజన్ అణువై బయటికొస్తయి. నైట్రోజన్ తీసేసి ఆర్గాన్ నింపితే ఎనిమిదికి ఎనిమిదీ హైడ్రోజన్‌కే. ఒకటి వచ్చేకాడ నాలుగు. గాలిలో వచ్చే ఆ ఒక్కటైనా దక్కుతదా అంటే, అప్‌టేక్ హైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైము దాన్ని చాలామటుకు మళ్లీ మింగేస్తది. మన గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆర్గాన్ ఒక్క శాతం కూడ లేదు. చెరువు మీద ఆర్గాన్ ఎవరు కప్పుతరు?

పాలమూరు మట్టి:
సార్, మీ లెక్క ఒప్పే, అక్కడి నుంచి మీరు తేల్చింది మాత్రం ఒప్పుకోను. 1974లో బెనెమన్, వేర్ అనే శాస్త్రవేత్తలు అనబీనా సిలిండ్రికాను ఆర్గాన్‌లో పెట్టి, ఒకే సీసాలో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ వస్తయని చూపిండ్రు. గాలిలోనే కొలుస్తూ కూసుంటే అది అంత తేటగ కనపడేదా? నైట్రోజినేజ్‌కు ఎంత సత్తా ఉందో ఆర్గాన్ చెప్తది.

మైక్రోస్కోపు కింద చూసినోళ్లకు తెలుసు, అనబీనా పూసలదండ లెక్క ఉంటది. పది, ఇరవై పూసలకు ఒకటి కొంచెం పెద్దగ, పాలిపోయి, మందం గోడతో, రెండు కొసల మెరిసే చుక్కలతో ఉంటది. అదే హెటిరోసిస్ట్, నైట్రోజినేజ్ ఉండే గది. ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ చెడిపోతది కాబట్టి ఆ గదిలో ఆక్సిజన్ పుట్టే ఏర్పాటే ఉండదు. ఇంత ఒద్దికగ కట్టుకున్న గదిని గాలిలో అంకె తక్కువొచ్చిందని వదిలేద్దామా? అప్‌టేక్ హైడ్రోజినేజ్ జన్యువు తీసేసిన రకాలు ఉన్నయి, అవి గాలిలో కూడ ఎక్కువిస్తయి.

పానగల్లు కట్ట:
వదిలేయమనలేదు తమ్మీ. పీజీలో ఉన్నప్పుడు ఆర్గాన్ సీసాను రోజూ చూసిన. మొదట్లో మంచి నీలిపచ్చ. తర్వాత తర్వాత పసుపు తిరిగింది. నైట్రోజన్ దొరకక తన రంగు పదార్థాన్నే కరిగించుకొని తింటది. బతకాలంటే నడుమనడుమ కొంచెం నైట్రోజన్ ఇయ్యాలె, ఇస్తే హైడ్రోజన్ తగ్గుతది. ఆ చార్టు పక్కన ఈ సంగతి కూడ రాయాలె కదా.

ఎడమ కాల్వ రైతు:
సార్లూ, నాదొక మాట. ఆర్గాన్ అంటే స్టీలు గేట్లు అతికే షాపుల ఉండే సిలిండరేనా? మాకు హైడ్రోజన్ కన్న ముందు అమ్మోనియా కావాలె. యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డం. మడిల వేసే అజొల్లా ఆకుల ఉండేది గూడ అనబీనానే అంటరు. మరి దాని నోటికాడి నైట్రోజన్ గుంజేసుడు ఎందుకు?

జడ్చర్ల వెల్డింగ్:
అవునన్నా, అదే సిలిండర్. అతుకు కాడ గాలి తగలకుండ వాడుతం, ఊకె వదిలితే మాకే కిట్టుబాటు కాదు. ఇంకోటి, హైడ్రోజన్ గాలిల 4 శాతం నుంచి 75 శాతం దాక కలిస్తే అంటుకుంటది. ఒకే డ్రమ్ముల ఆక్సిజన్‌తోని కలిసి వస్తదంటున్నరు. ఇంటి పక్కన పెట్టేది కాదది.

పాలమూరు మట్టి:
వాయువులను విడగొట్టనిదే ఊళ్లె పెట్టొద్దు, అది నిజం. చార్టు మీద వాయువు పేరు రాయాలన్నదీ ఒప్పుకుంటున్న. ఆర్గాన్ కొలత మాత్రం ఆపం.

పానగల్లు కట్ట:
ఆపొద్దు. ఒకే నాచు, ఒకే వెలుతురు, ఒకే దినం మూడు సీసాలు పెట్టు. ఒకటి గాలి, ఒకటి ఆర్గాన్, ఒకటి ఆర్గాన్‌లో కొంచెం నైట్రోజన్. మూడింటి అంకెలూ పక్కపక్కన వేయి. రైతన్న అడిగింది కొత్త మాట కాదు. వరి మళ్ల సారానికి ఈ నాచు ఆసరా అని 1939లోనే పి.కె. డే అనే శాస్త్రవేత్త రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్ పత్రికలో రాసిండు.

ఎడమ కాల్వ రైతు:
అట్లయితే నాలుగో సీసాల మా మడి నీళ్లు పోయుండ్రి. వచ్చే వారం నల్లగొండకు వస్తున్న, డబ్బాల తెస్త.

పాలమూరు మట్టి:
యూరియా చల్లకముందే ముంచుకో అన్నా. చల్లినంక అయితే నాచు ఆ నైట్రోజనే తిని హెటిరోసిస్టులు కట్టదు, గాలిల పెట్టినా ఆర్గాన్‌ల పెట్టినా ఏం రాదు.