‘లెట్టీ లింటన్’ (1932): జనవరి నుంచి డిస్క్ రావడానికి ఇంకేం అడ్డు? [నవంబర్ 2025]

ప్రీకోడ్ పద్మ:
కొత్తవాళ్ల కోసం ముందు సంగతి చెప్తా. జోన్ క్రాఫర్డ్ ఎంజీఎంలో చేసిన ‘లెట్టీ లింటన్’ని ‘డిజానర్డ్ లేడీ’ అనే నాటకంలోంచి ఎత్తేశారని కోర్టు తేల్చింది. అప్పట్నుంచీ సినిమా బీరువాలోనే. ఎడ్వర్డ్ షెల్డన్, మార్గరెట్ ఆయర్ బార్న్స్ కలిసి రాసిన ఆ నాటకం 1930ది. అమెరికాలో దాని 95 ఏళ్ల కాపీరైటు గడువు 2025 డిసెంబర్ 31తో సరి. పాత ఎంజీఎం సినిమాలన్నీ ఇప్పుడు వార్నర్ చేతిలో ఉన్నాయి. మరి 2026 జనవరి 1 నుంచి వాళ్లు డిస్క్ వేస్తే ఆపేదెవరు?

గోదారి గట్టు:
ఆపేవాడూ లేడు, అడిగేవాడూ లేడు.

నైట్రేట్ నాగేశ్వర్:
పద్మగారూ, కేసు మొత్తం చెప్పండి. ఎంజీఎం మొదట ఆ నాటకాన్నే కొనబోయింది, 30,000 డాలర్లకి బేరం కూడా కుదిరింది. హాలీవుడ్ సెన్సారు చూసే హేస్ ఆఫీసు అది అశ్లీలమనడంతో ఆగిపోయింది. తర్వాత మేరీ బెలాక్ లౌండ్స్ రాసిన ‘లెట్టీ లింటన్’ నవల కొని సినిమా తీశారు. నాటకానికీ నవలకీ మూలం ప్రియుడికి విషం పెట్టిందని ఆరోపణ వచ్చిన 1857 నాటి గ్లాస్గో మాడలిన్ స్మిత్ కేసే. అది ఎవరి సొత్తూ కాదని ఎంజీఎం వాదన. 1934లో కింది కోర్టు ఒప్పుకుంది. 1936లో అప్పీలు కోర్టులో జడ్జి లెర్నెడ్ హ్యాండ్ ఒప్పుకోలేదు. దక్షిణ అమెరికా ప్రియుడి లాంటివి గ్లాస్గో కేసులో ఎక్కడున్నాయి? నాటకంలో ఉన్నాయి, సినిమాలో తేలాయి. లాభం లెక్కిస్తే 5.87 లక్షల డాలర్ల పైచిలుకు. అందులో ఐదో వంతు నాటక రచయితలదని 1940లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

డిస్కు దామోదరం:
డబ్బు కట్టేశారుగా. ఇంకేంటి గొడవ?

నైట్రేట్ నాగేశ్వర్:
కట్టింది అప్పటికి వచ్చిన లాభంలో వాటా. ఇకముందు వేసుకోవడానికి అనుమతి కాదు. ఈ రెంటినీ కలిపేయకండి.

డిస్కు దామోదరం:
అనుమతే కావాలంటే ఎనభై ఏళ్లలో వారసులతో ఓ ఒప్పందం రాసుకోలేకపోయారా? చట్టం పేరు చెప్పి బద్ధకం దాస్తున్నారు. ఇదే క్రాఫర్డ్ సినిమాలు ‘గ్రాండ్ హోటల్’, ‘ది విమెన్’ బ్లూ-రేలో లేవా? అమ్ముడుపోతుందనుకున్నవి వస్తాయి. మనబోటి గిరాకీకి 2009 నుంచి ‘వార్నర్ ఆర్కైవ్’ పేరుతో ఆర్డర్ ఇస్తే కాల్చిచ్చే డీవీడీ-ఆర్‌లు అంటగట్టారు. నా అలమారలో వాటిలో కొన్ని ఇప్పుడు చదవడమే లేదు.

రీలు పెట్టె:
డీవీడీ-ఆర్‌లో సమాచారం ఉండేది రంగు పొరలో. వెలుతురు, వేడి, తేమ దానికి పడవు. నిలువుగా, చీకట్లో పెట్టండి. ఇంకా చదువుతున్నవాటిని ఇప్పుడే తక్కువ వేగంలో ఐఎస్ఓగా (డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) కంప్యూటర్లోకి దించుకోండి. ఆగిపోతున్న డిస్క్‌ని వేరే కంపెనీ డ్రైవ్‌లో వేసి చూడండి, ఒకటి చదవనిది ఇంకోటి చదువుతుంది. 2012 నుంచి వార్నర్ ఆర్కైవ్‌లో వస్తున్న బ్లూ-రేలు అచ్చువేసినవి, వాటికి ఈ బెడద లేదు.

బెజవాడ బుజ్జి:
అమెరికాలో మేసీస్ దుకాణంలో లక్షల్లో అమ్ముడైంది ఈ సినిమాలో గౌనేగా, బుట్టచేతులది?

ప్రీకోడ్ పద్మ:
ఎంజీఎం దుస్తుల డిజైనర్ ఏడ్రియన్ కుట్టించిన తెల్ల ఆర్గండీ గౌను. ఆ అంకె ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది బుజ్జిగారూ, ప్రచారమే ఎక్కువ. సరే, అసలు విషయం. సినిమా హక్కు కూడా 2027 చివరికి అయిపోతుంది. అంటే వార్నర్‌కి మిగిలింది రెండేళ్లు. 2028లో ఎవరైనా వేసుకోవచ్చు. అందుకే ఇప్పుడు వదలక తప్పదు.

నైట్రేట్ నాగేశ్వర్:
ఎవరైనా వేస్తారు సరే, దేంట్లోంచి వేస్తారు? హక్కు పోయినా పెట్టె తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. మంచి డిస్క్‌కి కెమెరా నెగటివో, దాన్నుంచి తీసిన మాస్టర్ కాపీ, అంటే ఫైన్‌గ్రెయిన్ ప్రింటో కావాలి. నెగటివ్ ఉంటుందన్న భరోసా ఏ ఎంజీఎం సినిమాకీ లేదు. 1978లో రాచెస్టర్‌లో ఈస్ట్‌మన్ మ్యూజియం గోదాం తగలబడి ఎన్నో నైట్రేట్ (తేలిగ్గా అంటుకునే పాత ఫిల్ము) నెగటివ్‌లు పోయాయి. ఫైన్‌గ్రెయిన్ ఉంటే దాన్ని 4కెలో స్కాన్ చెయ్యాలి, ఫిల్మును ద్రవంలో తడిపే వెట్‌గేట్‌తో గీతలు కప్పాలి, సౌండ్‌ట్రాక్‌లో బుస తగ్గించాలి. బుస మరీ తగ్గిస్తే మాటల చివరి అక్షరాలు తెగుతాయి. నెట్‌లో తిరిగే దొంగకాపీతో ఇవేవీ కావు.

ప్రీకోడ్ పద్మ:
ఆ దొంగకాపీయే లేకపోతే ఈ సినిమా పేరు మీకు తెలిసేదా?

నైట్రేట్ నాగేశ్వర్:
అది కాపీకి కాపీ తీసిన వీడియో. దాన్ని ఏఐతో పెంచి ‘హెచ్‌డీ’ అని పెడుతున్నారు. ఆ గౌను కుచ్చులన్నీ సున్నం మెత్తిన గోడలా అతుక్కుపోయాయి, క్రాఫర్డ్ కళ్లు రెప్పలతో సహా మారిపోయాయి. చూసినవాడు ‘సినిమా ఇంతే’ అనుకుని వెళ్లిపోతాడు. అసలు డిస్క్ వచ్చినరోజు కొనేవాడుండడు. ఈ సినిమాని ముంచుతున్నది మీరే.

ప్రీకోడ్ పద్మ:
మేమా! హంతకురాలు శిక్ష లేకుండా బయటపడే కథ. 1934 తర్వాతి సెన్సారు దీన్ని ఎలాగూ మళ్లీ విడుదల కానిచ్చేది కాదు. స్టూడియో తొంభై ఏళ్లు దాస్తే, చూపించినవాళ్లం మేము. మీకు కావాల్సింది సినిమా కాదు నాగేశ్వర్ గారూ, గ్రెయిన్, ఫిల్ము మీది ఆ రేణువులు.

నైట్రేట్ నాగేశ్వర్:
అవును, గ్రెయినే. అందులోనే ఛాయాగ్రాహకుడు ఆలివర్ మార్ష్ పట్టిన వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురు లేకపోతే క్రాఫర్డ్ లేదు. కథ చదువుకోవడానికైతే కోర్టు తీర్పు చాలు, అందులో సీను సీనూ ఉంది.

డిస్కు దామోదరం:
మీ ఇద్దరి గొడవలో నా మాట: స్ట్రీమింగ్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే నాకది విడుదలే కాదు. రేపు తీసేస్తారు.

మ్యూనిక్ మురళి:
ఇక్కడ ఇంకో చిక్కు. జర్మనీలో కాపీరైటు రచయిత పోయాక 70 ఏళ్లు. బార్న్స్ పోయింది 1967లో. 1892 నాటి ఒప్పందం వల్ల అమెరికా రచనలకి ఇక్కడ తక్కువ గడువు నియమం (మూలదేశంలో గడువు తీరితే ఇక్కడా తీరినట్టే అన్నది) వర్తించదు. నాటకం మీద హక్కు 2037 చివరి దాకా బతికే ఉంటుంది.

ప్రీకోడ్ పద్మ:
ఇండియాలో 60 ఏళ్లే. పైగా మూలదేశంలో ఉన్నదానికన్నా ఎక్కువ కాలం మన దగ్గర రాదు. మనకి ఇబ్బంది లేదు.

బెజవాడ బుజ్జి:
వస్తే మన ప్లేయర్‌లో ఆడుతుందా?

రీలు పెట్టె:
డిస్కులకి ప్రాంతాన్ని బట్టి రీజియన్ తాళం ఉంటుంది. బ్లూ-రేకి అమెరికా రీజియన్ ఏ, మనది సి. వార్నర్ ఆర్కైవ్ బ్లూ-రేలు చాలావరకు రీజియన్ తాళం లేకుండానే వస్తాయి. డీవీడీ అయితే అక్కడ 1, ఇక్కడ 5. అట్ట వెనక చూసి కొనండి.

నైట్రేట్ నాగేశ్వర్:
ముందు రానివ్వండి. ఆ దొంగకాపీ లింకు మాత్రం ఇక్కడ పెట్టకండి పద్మగారూ.

ప్రీకోడ్ పద్మ:
పెట్టను. అడిగినవాళ్లకి విడిగా పంపుతా.