బారమా, భారమా? తిక్కన పద్యం, టోక్యో తీర్పు

లా లెక్చరర్:
అందరికీ నమస్కారం. మా కాలేజీ పత్రికకి జస్టిస్ రాధా బినోద్ పాల్ మీద వ్యాసం రాస్తున్నాను. మైమెన్‌సింగ్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగంతో మొదలై, కలకత్తాలో న్యాయశాస్త్ర ఆచార్యుడై, అక్కడే హైకోర్టు జడ్జిగా, యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా చేసి, 1946లో, రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్ నాయకుల్ని విచారించిన టోక్యో యుద్ధ నేరాల ట్రైబ్యునల్‌కి వెళ్లిన మనిషి. ఆ 11 మంది జడ్జిల్లో నిందితులందరూ నిర్దోషులేనని రాసింది ఆయనొక్కరే. వ్యాసం పైన తిక్కన భారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవ సభలో చెప్పే పద్యం "సారపు ధర్మమున్" వేద్దామనుకున్నాను, రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ఒకచోట "బారము పొందలేక" అని, ఇంకోచోట "భారము పొందలేక" అని ఉంది. ఏది సరైనదండీ?

బండిర:
బారమే. బొంకుచేన్ + పారమున్. ద్రుతం, అంటే పదం చివరి నకారం మీద పకారం బకారమైంది. వత్తు ఎవరో తర్వాత తగిలించారు. పద్యం మొత్తం ఇలా వేసుకోండి, అరసున్నలు వదలకండి:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్

"చెడఁబాఱిన"లో ఉన్నది బండి ఱ. పత్రిక వాళ్లు దాన్ని మామూలు ర చేసేస్తారు, ప్రూఫు మీరే చూసుకోండి.

నాటకాల పిచ్చి:
బండిర గారూ, మా ఊళ్లో రాయబారం కట్టిన వాళ్లందరూ "భారము" అనే పాడేవారు. పాపం బరువు మోయలేక ధర్మం చతికిలపడింది, అర్థం సాఫీగానే ఉంది కదా. యతి కూడా చెడదు, బా కీ భా కీ మైత్రి ఉంది. గణాలు అవే, ప్రాస అదే. మరి తప్పని ఎలా తేలుస్తారు?

పెన్న ఒడ్డు:
ఛందస్సు తేల్చదు, నిజమే. పలుకుబడి తేలుస్తుంది. తెలుగులో భారం మోస్తారు, భరిస్తారు. "భారం పొందలేక" అని ఎవరంటారు? పొందేది పారం, అంటే అవతలి ఒడ్డు. ఇప్పుడు మూడో పాదం చివర చూడండి: నిస్తారకం, దాటించేది. ధర్మం ఒడ్డు చేరలేక మధ్యలో చెడిపోతోంది, చేతనైనవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, అయినా దాటించడానికి దైవం ఉంది. రెండో పాదంలో ఎత్తుకున్న ఊహ చివరి పాదంలో ముగుస్తుంది. వత్తు పెడితే ఆ ముడి తెగిపోతుంది. తిక్కన మాట వృథాగా వెయ్యడు.

నాటకాల పిచ్చి:
మాట వృథాగా వెయ్యడని నేనూ ఒప్పుకుంటాను. కానీ "భారము నొందు" లాంటి వాడుక పాతకాలంలో లేదని రూఢిగా చెప్పగలరా?

మూలం చూడాలి:
ఒక అక్షరం కోసం ఇంత పట్టుదల పడుతున్నారు, తిక్కన అసలు ఏం మార్చాడో చూడరేం? వ్యాసుడిది "యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ, హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". చూస్తూ ఉండగానే అధర్మం ధర్మాన్ని, అబద్ధం సత్యాన్ని చంపేస్తే అక్కడి సభాసదులే చచ్చినట్టు అని. ఇదే శ్లోకం మనుస్మృతిలో ఎనిమిదో అధ్యాయంలో ఉంది, "ధర్మో రక్షతి రక్షితః"కి సరిగ్గా ముందు. అది వ్యవహారాలు విచారించే సభ గురించిన అధ్యాయం. కాబట్టి సభాసదులంటే న్యాయం చెప్పడానికి కూర్చున్నవాళ్లు. తిక్కన సభాసదుల్ని తీసేసి "దక్షులు" అన్నాడు. సభలో కుర్చీ అక్కర్లేదు, ఆపే సత్తా ఉంటే చాలు, బాధ్యత నీదే. జడ్జి గురించి రాసే వ్యాసానికి సంస్కృత శ్లోకమే నప్పుతుంది. తెలుగు పద్యం పెడితే గురి మారిపోతుందమ్మా.

పెన్న ఒడ్డు:
తిక్కన మంత్రి కాబట్టి అలా మార్చాడు. రాజ్యం పోగొట్టుకున్న తన నెల్లూరు రాజు మనుమసిద్ధి కోసం ఓరుగల్లులో గణపతిదేవుడి దగ్గరికి తానే వెళ్లాడని చెప్పుకుంటారు. సాయం చెయ్యగలిగిన రాజు ఎదుట నిలబడినవాడికి "దక్షులు" అన్న మాట బరువు తెలుస్తుంది. కృష్ణ రాయబారం రాస్తున్నప్పుడు అది మనసులో మెదలకుండా ఉంటుందా? నెల్లూరివాణ్ని కాబట్టి ఇలా అంటున్నానని అనుకోకండి.

మూలం చూడాలి:
ఇంకోటి. ప్రేక్షమాణానాం అన్నచోట తిక్కన "ఉపేక్ష" అన్నాడు. ధాతువు ఒకటే, ఉపసర్గ మారింది. చూస్తూ ఉండటం కాస్తా చూసి వదిలెయ్యడం అయింది. పైగా ఉపేక్ష రాజనీతిలో సాంకేతిక పదం. సామ దాన భేద దండాల తర్వాత మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం కలిపి సప్తోపాయాలంటారు. అంటే ఇక్కడ ఉపేక్ష బద్ధకం కాదు, లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయం. ఈనాటి అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అంటామే, దాదాపు అదే.

లా లెక్చరర్:
మాస్టారూ, ఈ ఉపేక్ష సంగతి నాకు చాలా పనికొస్తుంది. కానీ గురి మారుతుందన్న మాట మీద నాకు పేచీ ఉంది. టోక్యోలో మెజారిటీ జడ్జిలు కూడా ఈ పద్యమే చదవగలరు: చేతనైన దేశాలు ఊరుకోకూడదు, అందుకే దురాక్రమణకి శిక్ష వేస్తున్నాం అని. పాల్ అభ్యంతరం అక్కడే. 1928 కెలాగ్-బ్రియాన్ ఒప్పందం యుద్ధాన్ని నిరసించింది గానీ, ఆత్మరక్షణ ఏదో తేల్చుకునే పని ఏ దేశానికి ఆ దేశానికే వదిలేసింది, కాబట్టి అది యుద్ధాన్ని నేరం చెయ్యలేదని ఆయన వాదం. గెలిచినవాళ్లు తర్వాత చట్టం కల్పించి వెనక్కి వర్తింపజేస్తే అది న్యాయం కాదన్నారు. ఆ బల్ల మీద కూర్చున్న బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అప్పటికి ఆసియాలో వలసలు ఏలుతున్న దేశాలే. ఆటంబాంబు సంగతీ ఆయన వదల్లేదు.

సికింద్రాబాద్ పాఠకురాలు:
పాల్ గారిని పొగిడేవాళ్లు ఒకటి దాటేస్తారు, మీ వ్యాసంలో దాటెయ్యకండి. 1937లో చైనాలోని నాన్‌కింగ్ నగరాన్ని జపాన్ సైన్యం పట్టుకున్నప్పటి దారుణాలు జరగలేదని ఆయన అనలేదు. జపాన్ సైనికులు పౌరుల మీద అఘాయిత్యాలు చేశారనడానికి సాక్ష్యం బలంగా ఉందనే రాశారు. ఆ నేరాన్ని టోక్యోలో నిలబెట్టిన నాయకులకి అంటగట్టడానికి రుజువు చాలదన్నారు. ఈ తేడా చెరిపేసి జపాన్‌లో కొందరు ఆయన్ని జెండాలా మోస్తున్నారు, 2005లో టోక్యోలో జపాన్ యుద్ధమృతుల కోసం ఉన్న యాసుకుని గుడి ఆవరణలో స్మారకం కూడా పెట్టారు. నాకు మాత్రం "దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి" చదివిన ప్రతిసారీ నాన్‌కింగే గుర్తొస్తుంది. ఆపగలిగిన పై అధికారి ఆపకపోతే అది అతని చేటు కాదా? ఆ ఒక్కచోట పాల్ తీర్పు నాకు మింగుడు పడదు.

కృష్ణాతీరం:
అందరూ బెంగాల్ వెళ్లిపోయారు! మన కృష్ణా జిల్లా మనిషి పి. చంద్రశేఖరరావు గారు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌కి 1999 నుంచి 2002 వరకు అధ్యక్షులుగా చేశారు. పారం, నిస్తారకం ఉన్న పద్యం ఆయన మీద వ్యాసానికి ఇంకా బాగుంటుంది. ఎవరైనా రాయండి.

బండిర:
పాల్ గారికి మనుస్మృతి శ్లోకం అంటగట్టేముందు ఇదీ చూసుకోండి. ఆయన పరిశోధన వేదకాలం నుంచి మనువుకి ముందు వరకు ఉన్న హిందూ న్యాయతత్వం మీద. సరిగ్గా మనువు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

లా లెక్చరర్:
ఆగిపోయింది గానీ, ఆ చదువే ఆయన తర్వాతి పనికి పునాది అని నా నమ్మకం. చట్టం రాజు ఆజ్ఞ కాదు, రాజు కన్నా పైన ఉండేదన్న ఆలోచన ఆయనకి అక్కడే దొరికింది. గెలిచిన రాజులకీ అదే వర్తింపజేశారు. 1952 నుంచి 1966 దాకా ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో ఉండి, 1958లోనూ 1962లోనూ దానికి అధ్యక్షత వహించారు. టోక్యో ఒక్కటే చెప్పి ఈ పద్నాలుగేళ్లూ వదిలేస్తారు, నా వ్యాసంలో సగం దీనికే.

పెన్న ఒడ్డు:
ఆయన తీర్పు ముగింపు చదివారా? కాలం గడిచి ఆవేశాలు చల్లారాక, న్యాయదేవత త్రాసు సమంగా పట్టుకున్నాక, నిందా ప్రశంసా తారుమారు కావాల్సి వస్తుందని ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణ రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ మాటలవి. పాల్ కాలాన్ని నమ్ముకున్నాడు, తిక్కన దైవాన్ని. "ఉండెడున్" అన్న క్రియ చూడండి, ఎప్పుడో వస్తుందని కాదు, ఇప్పుడు ఉంది అని.

మూలం చూడాలి:
అక్కడ తద్ధర్మార్థం కూడా చెప్పుకోవచ్చు, పెన్న గారూ. ఎప్పుడూ ఉంటుంది అని.

పెన్న ఒడ్డు:
వర్తమానమే. రాయబారి సభలో నిలబడి హెచ్చరిస్తున్నాడు, సిద్ధాంతం చెప్పట్లేదు.

నాటకాల పిచ్చి:
ఉండెడున్ సంగతి తర్వాత, ముందు నా భారం తేల్చండి. పాత అచ్చు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే రెండో పాదం ఫొటో పెట్టండి. వత్తు లేదని కళ్లతో చూస్తే ఒప్పుకుంటాను.

బండిర:
పెడతాను. ఆ ఫొటోలో బండి ఱ కూడా చూసుకోండి.