చర్చ: టీఏల చేతికి ఎర్రపెన్ను ఇచ్చే ముందు ప్రశ్న రాయడం నేర్పాలా, అక్కర్లేదా?

ఎర్రసిరా:
మా డిపార్ట్‌మెంటులో విదేశీ భాషల మొదటి సంవత్సరం క్లాసులు దాదాపు అన్నీ టీచింగ్ అసిస్టెంట్ల (టీఏల) మీదే నడుస్తాయి. పాఠం చెప్పేది వాళ్లు, క్విజ్ తయారుచేసేది వాళ్లు, పేపర్లు దిద్దేదీ వాళ్లే. పరీక్షల గురించి వాళ్లకు మేం చెప్పేదంతా టర్మ్ మొదట్లో ఓరియెంటేషన్ రోజున, అదీ అందరూ భోజనాలకి లేవబోయే ముందు ఓ ఇరవై నిమిషాలు. కీ ఇస్తాం, చూసి వేసేయండి, గడువులోగా మార్కులు ఎక్కించండి. అంతే.

పోయిన టర్మ్‌లో ఒక జర్మన్ క్విజ్‌లో ఖాళీ పూరించమని ఈ వాక్యం ఇచ్చారు: ‘గెస్టెర్న్ ____ ఇష్ ఇమ్ పార్క్.’ నిన్న నేను పార్కులో అని అర్థం, క్రియ పిల్లలు రాయాలి. కీలో ఉన్నది ‘వార్’, అంటే ఉన్నాను. ఒకమ్మాయి ‘ష్లీఫ్’ అని రాసింది, నిద్రపోయాను అని. వ్యాకరణం సరే, అర్థం సరే, స్పెల్లింగూ సరే. దిద్దిన టీఏ సున్నా పెట్టాడు. ఆ అమ్మాయి వచ్చి అడిగితే, ‘ఆ వారం మనం చేసింది వార్ కదా’ అన్నాడట.

ఆ కుర్రాణ్ణి నేనేం అనలేను. కీ చూసి వేయమన్నాం, వేశాడు. ప్రశ్న రాసింది ఇంకో టీఏ. ఖాళీలో ఇంకేం పడుతుందో ఒకసారి చూసుకోవాలని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

నా వాదన ఇది. ప్రశ్న రాయడం, రాసినదాన్ని తనే దిద్ది చూసుకోవడం నేర్చుకోకుండా ఎవరినీ దిద్దడానికి కూర్చోబెట్టకూడదు. టర్మ్ ముందు రెండు రోజులు, తర్వాత నెలకో మధ్యాహ్నం. మా వాళ్లలో సగం మంది ‘క్విజ్‌కి ఇంత హడావిడా’ అంటున్నారు. మీ మాటేంటి?

పాతచాక్‌పీస్:
ఎర్రసిరా గారూ, 22 ఏళ్లుగా దిద్దుతున్నాను. మాకెవరు నేర్పారండీ? మా గురువుగారి పక్కన కూర్చుని కట్టలకి కట్టలు దిద్దితే చెయ్యి అదే కుదిరింది. పేపర్ తిప్పగానే ఎంత వస్తుందో తెలిసిపోతుంది.

మీ కథలో అసలు తప్పు వేరే చోట ఉంది. టీఏ చేత ప్రశ్నలు రాయించడమే తప్పు. కోర్సు చూసే సీనియర్ రాయాలి, పిల్లలు దిద్దాలి. వాళ్లకే ఇంకా భాష పూర్తిగా పట్టుబడలేదు, ప్రశ్నపత్రం తయారీ ఎక్కడిది?

లెక్కలపంతులు:
చెయ్యి కుదిరిందన్న మాట మీద రెండు పాత లెక్కలు చెబుతాను, పాతచాక్‌పీస్ గారు ఏమీ అనుకోకండి. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒక హైస్కూల్ ఇంగ్లిష్ పరీక్ష జవాబుపత్రాల నకళ్లు తీసి చాలా స్కూళ్లకు పంపారు. వందకి మార్కులు వేయమన్నారు. 142 మంది టీచర్లు దిద్ది పంపారు. ఒకే పేపర్‌కి 64 వేసినవాళ్లున్నారు, 98 వేసినవాళ్లున్నారు. రెండో పేపర్‌కి 50 దగ్గర మొదలై తొంభై దాటిపోయాయి. అందరూ ఉద్యోగంలో ఉన్న టీచర్లే, చెయ్యి కుదిరినవాళ్లే.

1961లో డీడరిక్ అనే పరిశోధకుడు, అతని సహచరులు 300 వ్యాసాలను 53 మంది చేత చదివించారు. 9 గ్రేడ్ల స్కేలు. 101 వ్యాసాలకు తొమ్మిది గ్రేడ్లూ పడ్డాయి. అంటే ఒకరి కంటికి అట్టడుగున ఉన్న వ్యాసమే ఇంకొకరి కంటికి అందరికన్నా పైన ఉంది. వాళ్లకి కావాలనే ప్రమాణాలేమీ చెప్పలేదు, మీకు తోచినట్టు వేయండి అన్నారు. ‘కీ చూసి వేసేయండి’ అని మనం చేస్తున్నదీ దానికి పెద్ద దూరంలో లేదు.

కొత్తకలం:
నేను టీఏని, మూడో టర్మ్. ఇక్కడ అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రెండు ముక్కలు.

పోయిన వారం మేం నలుగురం సరదాకి ఒక పని చేశాం. ‘నిన్న నువ్వేం చేశావు’ అనే జర్మన్ పేరాగ్రాఫ్, 20 మార్కులు. ఒక విద్యార్థి పేపర్ నాలుగు కాపీలు తీసి ఎవరికి వాళ్లం దిద్దాం. అతను వెళ్లాను, ప్రయాణించాను, వచ్చాను అనే ప్రతిచోటా ‘హాబె’ అనే సహాయక క్రియ వాడాడు. హాబె గెగాంగెన్, హాబె గెఫారెన్, హాబె గెకొమ్మెన్. కదలిక ఉన్న ఈ క్రియలకి అక్కడ ‘బిన్’ రావాలి. మొత్తం నాలుగు చోట్ల ఇదే తప్పు. మిగతా వ్యాకరణం శుభ్రంగా ఉంది.

నేను ఒక మార్కు తీశాను, తెలియనిది ఒక్క నియమమే కదా అని. పక్కనాయన నాలుగు చోట్లా తీశాడు. ఇంకొకామె అసలేం తీయలేదు, చెప్పదలచుకున్నది అర్థమైందిగా అంది. నాలుగో అతను నాలుగూ తీసి, జర్మన్‌లో పెద్ద అక్షరంతో మొదలవ్వాల్సిన నామవాచకాలు చిన్న అక్షరంతో మొదలుపెట్టాడని ఒక్కోదానికి అర మార్కు చొప్పున కోసుకుంటూ పోయాడు. చివరికి 19, 16, 20, 10. మా చేతిలో ఉన్న సూచన ఏంటో తెలుసా? ‘వ్యాకరణం: 8 మార్కులు.’ అంతే రాసి ఉంది.

ఆ తర్వాత గంటసేపు కొట్టుకున్నాం. ఆ గంటలో నేను నేర్చుకున్నది రెండు టర్మ్‌లలో నేర్చుకోలేదు. కానీ ఆ గంటకి మాకు జీతం లేదు. ఎర్రసిరా గారి రెండు రోజులకీ నెలకో మధ్యాహ్నానికీ ఉంటుందా? మా థీసిస్ పని మీదకి వస్తే ఎవరు సర్దుతారు? ముందు అది చెప్పండి.

ఎర్రసిరా:
కొత్తకలం, నువ్వు చేసిందే శిక్షణమ్మా. నేను అడుగుతున్నదీ అదే. ఒకే పేపర్‌ని నలుగురూ దిద్ది, తేడా ఎక్కడొచ్చిందో మాట్లాడుకుని, ‘ఒకే నియమం తప్పితే ఒకేసారి కోత’ లాంటి మాట రాసిపెట్టుకోవడం. ఆ పేపర్‌ని దాచుకుని వచ్చే టర్మ్ కొత్తవాళ్ల ముందు నమూనాగా పెట్టడం. జీతం సంగతి నువ్వన్నది న్యాయం. పని గంటల్లో కలపకపోతే నేనే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాను.

పాతచాక్‌పీస్ గారికి ఒక్క మాట. పెద్ద పరీక్షల్లో అనుభవం ఉన్నవాళ్లనీ నేరుగా కూర్చోబెట్టరు. భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ వాళ్ల కొలబద్ద, సీఈఎఫ్ఆర్ అని 2001లో వచ్చింది కదా, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు. మన పరీక్షని ఆ స్థాయిలతో ఎలా ముడిపెట్టాలో కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2009లో ఒక మాన్యువల్ వేసింది. అందులో మొదటి మెట్టు ‘పరిచయం చేసుకోవడం’. ఆ పనిలో కూర్చునేవాళ్లు, ఎంత సీనియర్లయినా, ముందు స్థాయిల వర్ణనలు చదివి, ఏది ఏ స్థాయిదో గుర్తుపట్టే అభ్యాసాలు చేయాలి. తర్వాతే నమూనా పేపర్లు, తర్వాతే ఏ స్థాయికి ఎన్ని మార్కులు అనే గీతలు.

అచ్చుతప్పు:
అందరూ ఒకేలా వేస్తే చాలు అన్నట్టు సాగుతోంది చర్చ. నాకు అక్కడే చిరాకు.

నేను చదువుకున్నప్పుడు మాకో ఫ్రెంచ్ మౌఖిక పరీక్ష ఉండేది. ‘నా కుటుంబం’ గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. టాపిక్ వారం ముందే తెలుసు. అందరం కంఠస్థం చేసి అప్పజెప్పాం. ఇద్దరు పరీక్షకులు కూర్చున్నారు, ఇద్దరి మార్కులకీ తేడా ఎప్పుడూ ఒకటికి మించలేదు. రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక, అద్భుతంగా పనిచేసింది! నా పక్కవాడు 18 తెచ్చుకున్నాడు. బయటికొచ్చాక అదే పరీక్షకుడు కారిడార్‌లో ‘నీకు అక్కలున్నారా’ అని ఫ్రెంచ్‌లో అడిగితే వాడు ‘వుయ్’ (అవును) అన్నాడు. వాడికి అక్కలు లేరు.

కొలిచింది జ్ఞాపకశక్తిని. రాసుకున్నది మాట్లాడే శక్తి అని. దిద్దేవాళ్లందరినీ ఒక తాటి మీదికి తెచ్చే శిక్షణ ఈ తప్పుని పట్టుకోదు, పైగా దాచేస్తుంది. అందుకే, ఎర్రసిరా గారి వాదనలో ప్రశ్న రాయడం నేర్పాలన్న సగం నాకు నచ్చింది, నమూనా పేపర్ల సగం మీద అంత మోజు లేదు.

రూబ్రిక్‌ల దిగుమతి ఇంకో తమాషా. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల వ్యాసాల కోసం 1981లో జేకబ్స్ బృందం చేసిన పట్టిక ఒకటుంది. విషయానికి 30, అమరికకి 20, పదజాలానికి 20, భాషా ప్రయోగానికి 25, స్పెల్లింగ్ వగైరాకి 5. వ్యాసాలకి బాగానే పనికొస్తుంది. దాన్ని తెచ్చి, ఐదు వాక్యాలు కూడబలుక్కుని రాసే మొదటి టర్మ్ పిల్లల మీద పెట్టినవాళ్లని చూశాను. ఐదు వాక్యాల్లో ‘అమరిక’కి 20 మార్కులు ఎలా వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంటిభాష:
నేను దిద్దేది నా మాతృభాషలోనే, అంటే తెలుగు నేర్చుకునే విదేశీయుల పేపర్లు. పాతచాక్‌పీస్ గారు ‘భాష పట్టుబడలేదు’ అన్నారు కదా, పట్టుబడినవాళ్ల కష్టాలు వినండి.

‘నేను ____ చదివాను’ అని ఇచ్చి, ద్వితీయా విభక్తి పాఠం కాబట్టి ‘పుస్తకాన్ని’ అని కీలో పెట్టారు. ఒకతను ‘పుస్తకం’ అన్నాడు. మన ఇళ్లలో ఎవరైనా అదే అంటారు. నేను మార్కు వేశాను. నాతో దిద్దే ఇంకొకామె తెలుగు నేర్చుకుని వచ్చిన విదేశీయురాలు, పుస్తకంలో ఉన్నట్టు సున్నా వేసింది. సరే, గెలిచాననుకున్నాను. తర్వాతి ప్రశ్నలో ఒకబ్బాయి ‘మా అక్క వచ్చాడు’ అని రాశాడు. నాకు నవ్వు ఆగలేదు, సగానికి పైగా మార్కులు కోసేశాను. ఆవిడ అడిగింది: ‘ప్రత్యయం ఒక్కటే తప్పు, పదాలు సరే, కాలం సరే. మరి అంత కోత దేనికి? నీ చెవికి వింతగా వినపడినందుకా?’ నా దగ్గర జవాబు లేదు.

మాతృభాషవాళ్లకి శిక్షణ అక్కర్లేదనే మాట మాత్రం ఇక్కడ ఎవరూ అనకండి.

పాతచాక్‌పీస్:
ఇంటిభాష గారిది బాగుంది. నేనూ ‘వచ్చాడు’కి కోసేవాణ్ణే, ఒప్పుకుంటాను.

1912 లెక్క చూశాక ఒక కట్టలోంచి పది పేపర్లు తీసి, పాత మార్కులు కాగితంతో కప్పి మళ్లీ దిద్దాను. నా మార్కులే నావి కలవలేదు. ఒకదానికి 20లో 4 తేడా. ఏమిటా అని చూస్తే, మొదటిసారి అది చాలా మంచి పేపర్ వెనకే వచ్చింది.

అయినా చివరి పరీక్ష ప్రశ్నపత్రం టీఏల చేతికి ఇవ్వకూడదన్న మాట మీద మాత్రం ఉన్నాను. క్విజ్‌లు రాయనివ్వండి, నేర్చుకోనివ్వండి. విద్యార్థి ఏడాదిని తేల్చే పేపర్ మీద అభ్యాసం వద్దు.

కొత్తకలం:
సార్, అభ్యంతరం లేదు. కానీ అసలు ముల్లు ఇంకోటుంది. ప్రశ్నలో లోపం ఉందని మాకు తెలిసిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక వినికిడి పరీక్షలో ‘రైలు ఎన్నింటికి’ అని అడిగి నాలుగు ఆప్షన్లు ఇచ్చారు, మూడు ఆడియోలో అసలు వినపడవు. భాష రాకపోయినా అంకె వినపడితే చాలు. చెప్పాం. ‘ఈసారికి కానివ్వండి’ అన్నారు. మాకు కళ్లు తెరిపించి, చేతులు కట్టేసే శిక్షణైతే ఆ ఇరవై నిమిషాలే నయం. కీ మార్చే హక్కు, కనీసం దిద్దడం ఆపి అడిగే హక్కు కాగితం మీద ఉండాలి.

లెక్కలపంతులు:
ఆ హక్కు కోసం వాదించాలంటే చేతిలో అంకె ఉండాలి. పెద్ద గణితం ఏమీ కాదు. దిద్దాక పేపర్లను మొత్తం మార్కుల వరుసలో పేర్చండి. పైనుంచి మూడో వంతు, కిందనుంచి మూడో వంతు విడదీయండి. ఒక్కో ప్రశ్నకి పైవాళ్లలో ఎంతమందికి వచ్చింది, కిందివాళ్లలో ఎంతమందికి వచ్చింది చూడండి. తేడాని గుంపు సంఖ్యతో భాగించండి. అది సున్నా దగ్గర ఉంటే ఆ ప్రశ్న ఎవరినీ వేరు చేయడం లేదు. మైనస్‌లోకి పోతే కీని అనుమానించండి. చిన్న క్లాసులో ఆ అంకెని మరీ గట్టిగా పట్టుకోకూడదు, ఎటు వెతకాలో చెబుతుంది అంతే.

ఎర్రసిరా గారూ, ఆ పార్కు ప్రశ్న పేపర్లు ఇంకా ఉన్నాయా?

ఎర్రసిరా:
ఉన్నాయి. ఈ సాయంత్రం ఆ ఇద్దరు టీఏలనీ కూర్చోబెట్టుకుని లెక్కేశాం. క్లాసు 30 మంది. పై పది మందిలో ‘వార్’ రాసింది నలుగురు. కింది పది మందిలో ఏడుగురు. మైనస్ 0.3.

కారణం కూడా దొరికింది. తర్వాతి పాఠం చివర క్రియల పట్టిక ఉంది. చదివే పిల్లలు ముందే అది చూసేసి, పార్కులో చేసే పనులన్నీ రాశారు. ష్లీఫ్ (నిద్రపోయాను), లాస్ (చదివాను), లీఫ్ (పరిగెత్తాను). మిగతావాళ్లు ఆ వారం బోర్డు మీద ఉన్నదే దించారు. ప్రశ్న రాసిన టీఏ ఆ కాగితం వంక చాలాసేపు చూసి, ‘పక్కన క్రియ మూలరూపం ఇస్తే సరిపోయేది’ అంది. నేను చెప్పలేదు, తనే అంది.

అచ్చుతప్పు:
ష్లీఫ్ అమ్మాయికి మార్కు కలిపారా మరి?

ఎర్రసిరా:
కలిపాం. ఆమెతో కలిపి ఏడుగురికి. ఒకతను ‘బిన్’ (ఇప్పుడు ఉన్నాను) రాసి తనకీ కలపమన్నాడు. నిన్నటి సంగతికి అది కుదరదు, అతనిది సున్నాయే.

కొత్తకలం:
ఆ సాయంత్రం పని గంటల్లో వేశారా?

ఎర్రసిరా:
వేశానమ్మా. సంతకం కోసం రేపు పైకి పంపుతున్నా.