జనవరి 31న మొదలైన ఈఎంఐ మార్చిలో 29కి ఎందుకు పడుతోంది?

వాయిదాల_బాధితుడు:
జావా 17లో, తేదీని దాచే లోకల్‌డేట్ క్లాస్‌తో లోన్ షెడ్యూల్ రాస్తున్నా. మొదటి వాయిదా 2024 జనవరి 31. లూప్‌లో వచ్చిన తేదీకే మళ్లీ ప్లస్‌మంత్స్(1) కలుపుతూ పోతున్నా. ఫిబ్రవరి 29 వచ్చింది, సరే. ఆ తర్వాత మార్చి 29, ఏప్రిల్ 29... ఇక 31 ఊసే లేదు. పాత క్యాలెండర్ క్లాస్‌కి మారిపొమ్మని టీమ్‌లో ఒకాయన పోరు పెడుతున్నారు. మారితే సరిపోతుందా?

లోన్‌డెస్క్:
మారకండి బాబూ. నెల కలిపితే అదీ ఇలాగే చివరి రోజుకి కుదిస్తుంది. పైగా అక్కడ జనవరి అంటే 0, మీరు 1 అని రాస్తే ఫిబ్రవరి అవుతుంది. 2014లో జావా 8తో పాటు లోకల్‌డేట్ వచ్చింది, హాయిగా అందులోనే ఉండండి.

ఫిబ్రవరికి 31 లేదు కాబట్టి 29 ఇచ్చింది, అది న్యాయమే. కానీ ఆ 29కి తను ఒకప్పుడు 31 అని గుర్తుండదు. లోకల్‌డేట్‌లో ఉండేది సంవత్సరం, నెల, రోజు, అంతే. అందుకని మొదటి తేదీని కదపకుండా, లూప్ లెక్క i అనుకుంటే, దానికే ప్లస్‌మంత్స్(i) కలపండి. జనవరి 31, ఫిబ్రవరి 29, మార్చి 31, ఏప్రిల్ 30 వస్తాయి. డేటాబేస్‌లో కూడా వాయిదా రోజు 31 అని విడిగా ఒక కాలమ్ పెట్టుకోండి. లేదంటే, రేపు మధ్యలో రీషెడ్యూల్ అన్నప్పుడు మొదటి తేదీ ఎక్కడుందో వెతుక్కోవాలి.

రాత్రి_బిల్డ్:
సందట్లో సడేమియా అనుకోకండి. నాకు రసీదు మీద 31/00/2024 అని వస్తోంది. తేదీని అక్షరాల్లో రాసిచ్చే పాత క్లాస్ సింపుల్‌డేట్‌ఫార్మాట్ వాడా.

లోన్‌డెస్క్:
తేదీ ఏ రూపంలో రావాలో చెప్పే ప్యాటర్న్‌లో చిన్న ఎమ్‌లు (mm) కొట్టుంటారు. అవి నిమిషాలు, నెలకి పెద్ద ఎమ్‌లు. అదే లోకల్‌డేట్‌ని, దానితో వాడే డేట్‌టైమ్‌ఫార్మాటర్‌తో ఇలా ప్రింట్ చేయబోతే, నా దగ్గర నిమిషాల్లేవని ఎక్సెప్షన్ విసిరేది. ఇదేమో కిక్కురుమనకుండా 00 వేసింది. సంవత్సరానికి వాడే వై (y) కూడా చూసుకోండి, అది చిన్నదే ఉండాలి. పెద్ద వై వారాల లెక్కన నడిచే సంవత్సరం. 2024 డిసెంబర్ 31ని 2025 అని చూపిస్తుంది.

వాయిదాల_బాధితుడు:
మార్చి 31 వచ్చింది, థాంక్సండీ. మరి ఏప్రిల్ 30న మొదలైన లోన్‌కి మే వాయిదా 30కా, 31కా?

లోన్‌డెస్క్:
ప్లస్‌మంత్స్ అయితే 30 ఇస్తుంది. నెలాఖరే కావాలంటే టెంపోరల్‌అడ్జస్టర్స్‌లో లాస్ట్‌డేఆఫ్‌మంత్ ఉంది. ఏది కావాలో మాత్రం క్రెడిట్ వాళ్లని అడిగి, మెయిల్‌లో రాయించుకోండి.