వేసవిలో పాప సామాజిక అసమానతల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, పంపమంటారా?

వాణి, శాక్రమెంటో:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్ పూర్తి చేస్తోంది. ఇక్కడి కాలేజీ ఒకటి జూన్ చివర్లో మొదలుపెట్టి జూలై అంతా హైస్కూల్ పిల్లలకి ఒక ప్రోగ్రాం నడుపుతోంది. పిల్లలే తమ చుట్టుపక్కల కనబడే అసమానత ఒకటి ఎంచుకుని, జనంతో మాట్లాడి, లెక్కలు తీసి, ఆఖర్న సిటీ కౌన్సిల్ వాళ్ల ముందు చెప్పాలట. ఫీజు లేదు, పైగా కొంచెం స్టైపెండ్ కూడా ఇస్తారు. తనకి బస్‌స్టాపుల్లో నీడ గురించి చేయాలనుంది. ఇక్కడ జూలైలో వంద ఫారెన్‌హీట్ దాటడం మామూలే, కొన్ని పేటల్లో బస్‌స్టాప్ అంటే ఒక ఇనప స్తంభం, దానికో బోర్డు, అంతే. మా వారేమో ఇది సోషల్ సర్వీస్ లాంటిదే కదా, ఈ వేసవి ఎస్ఏటీకి (కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) చదువుకుంటే మేలు అంటున్నారు. నా టెన్షన్ వేరు. పదిహేనేళ్ల పిల్లలు ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గరికెళ్లి ప్రశ్నలు అడిగితే అది రీసెర్చ్ అవుతుందా, లేక పెద్దవాళ్లు ముందే అనుకున్న మాటని పిల్లల నోటితో పలికిస్తారా? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

రఘు, డాలస్:
వాణి గారూ, కాలేజీ అడ్మిషన్ కోసమే అయితే దీని మీద ఆశలు పెట్టుకోకండి. ఇలాంటి పేర్లతో వేల డాలర్లు తీసుకునే ప్రోగ్రాములు బోలెడున్నాయి. పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో జరిగినంత మాత్రాన అక్కడ సీటు వస్తుందని కాదు. మీది ఫ్రీ కాబట్టి నాకు నమ్మకంగా అనిపిస్తోంది. ఎస్ఏటీ సాయంత్రాలు కూడా చదువుకోవచ్చు.

ఎల్ఏ టీచర్:
నేను లాస్ ఏంజిలస్ పబ్లిక్ స్కూల్లో సోషల్ స్టడీస్ చెప్తాను, ఈ విషయం నాకు చాలా దగ్గరిది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఇక్కడి యూనివర్సిటీ యూసీఎల్ఏలో ఎర్నెస్ట్ మోరెల్, జాన్ రోజర్స్ లాంటి ప్రొఫెసర్లు 1999 నుంచి సరిగ్గా ఇదే పని చేయించారు. పేదపేటల హైస్కూల్ పిల్లల్ని వేసవిలో పిలిపించి, వాళ్ల స్కూళ్లనే వాళ్ల చేత పరిశోధన చేయించి, ఆ ఫలితాలు సిటీ హాల్లో అధికారుల ముందు చెప్పించేవాళ్లు. అప్పట్లోనే, 2000 మేలో, విలియమ్స్ కేసు పడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చదివే ఎలీజర్ విలియమ్స్ అనే అబ్బాయి పేరుతో వేసిన కేసు అది. చాలినన్ని పుస్తకాలు లేవు, బాత్రూములు పనిచేయవు, అర్హత ఉన్న టీచర్లు లేరు అని కాలిఫోర్నియా స్టేట్ మీదే వేశారు. 2004లో ప్రభుత్వం రాజీకొచ్చింది. మీ పాప క్లాసురూములో గోడ మీద, పుస్తకాలు తక్కువైతే ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పే నోటీసు ఒకటి ఉంటుంది, అడిగి చూడండి. అది ఆ కేసు వల్ల వచ్చిందే. కోర్టులో నడిపింది లాయర్లు, పిల్లల రీసెర్చ్ వల్లే గెలిచారని నేననను. కానీ ఏ అంతస్తు బాత్రూముకి ఎప్పుడూ తాళమే ఉంటుందో ప్రిన్సిపల్ కన్నా అక్కడ చదివే పిల్లకే బాగా తెలుసు, ఈ పద్ధతి మొత్తం నిలబడేది దాని మీదే.

మీ రెండో అనుమానం న్యాయమైనది. అనుకున్నదానికి వ్యతిరేకంగా తేలితే ఏం చేస్తారని నడిపేవాళ్లని అడగండి. బాగున్న పేటలో కూడా నీడ లేదని తేలిందనుకోండి, అది కూడా కౌన్సిల్ ముందు చెప్పనిస్తారా? తడుముకోకుండా జవాబు చెప్తే పంపించండి.

నారాయణ, అనంతపురం:
అమ్మా, అమెరికా సంగతులు నాకంతగా తెలియవుగానీ ఈ పని తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు. నేను అందులో పనిచేశాను. ఊళ్లలో తనిఖీ చేసేది కూలి కుటుంబాల్లోంచి వచ్చిన చదువుకున్న పిల్లలే. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని గడపగడపకీ వెళ్లి, "అమ్మా, ఈ వారం నీ పేరు మీద ఆరు రోజుల పని రాసుంది, నువ్వు పోయినావా, డబ్బు అందిందా" అని చదివి వినిపించేవాళ్లు. "ఆ వారం నేను మా పుట్టింట్లో ఉంటిని కదా నాయనా" అనేది ఆ తల్లి. అక్కడ దొంగ మస్టరు బయటపడేది. ఊళ్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో అన్నం తినకూడదు అని వాళ్లకి గట్టిగా చెప్పేవాళ్లం.

పాపకి ఒకటి చెప్పండి. "మీకు అన్యాయం జరుగుతోందా" అని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు. "నిన్న బస్సు కోసం ఎక్కడ నిలబడ్డారు, ఎంతసేపు" అని అడగమనండి. ఇంకోటి, మేం చివర్లో మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారులనీ కూలీలనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అన్నీ చదివేవాళ్లం. సిటీ ఆఫీసులో చెప్పేసి వచ్చేస్తే సగం పనే అయినట్టు. జవాబులు చెప్పినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి ఏం తేలిందో చెప్పి రావాలి.

హారిక, హ్యూస్టన్:
వాణి ఆంటీ, నేను హైస్కూల్లో ఇలాంటిదే చేశాను, అదీ ఎండ మీదే! తప్పకుండా పంపించండి. 1930లలో ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల మ్యాపులకి రంగులేసింది, ఇంటి లోన్లు ఇవ్వడం రిస్క్ అనుకున్న పేటలకి ఎరుపు. నల్లవాళ్లుండే పేటలకి దాదాపు అన్నిటికీ అదే రంగు. శాక్రమెంటో మ్యాప్ కూడా ఆన్‌లైన్‌లో ఉంది. 2020లో 108 నగరాలు చూసిన ఒక స్టడీలో, ఎరుపు వేసిన పేటలు మిగతావాటికన్నా సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నాయని తేలింది. చెట్లు తక్కువ, తారు ఎక్కువ.

మేం గన్ థర్మామీటర్‌తో బెంచీల వేడి కొలిచేవాళ్లం, అన్ని స్టాపుల్లో ఒకే టైంకి కొలవాలి, లేకపోతే పోల్చలేం. ఇంకో సంగతి, ఒక స్టాపులో బెంచీ ఎప్పుడూ ఖాళీగానే కనిపించేది. ఎవరూ వాడట్లేదని రాసేసుకుంటాం కదా? తీరా చూస్తే జనమంతా పక్కనున్న లాండ్రీ షాపు చూరు కింద నిలబడి, బస్సు కనబడగానే పరిగెత్తుకొస్తున్నారు. ఒక పెద్దావిడ పరిగెత్తలేక బస్సు తప్పిపోవడం నేను చూశాను. ఆఫీసులో కూర్చుని లెక్కలు చూస్తే అది కనబడదు. పాపని స్టాపు చుట్టూ కూడా చూడమనండి.

వాణి, శాక్రమెంటో:
అందరికీ చాలా థాంక్స్. నోటీసు నిజంగానే ఉందట, ఇన్నాళ్లూ చదవనే లేదంది! ప్రోగ్రాం వాళ్లకి ఫోన్ చేశాను. ఇద్దరిద్దరుగా, ఒక మెంటర్‌తో కలిసి వెళ్తారు, ముందు అవతలివాళ్ల ఒప్పుకోలు తీసుకుంటారు, పేర్లు రాసుకోరు. అనుకున్నది తేలకపోతే అదే చెప్పమంటాం అన్నారు. మా వారు కూడా సరేనన్నారు. ఇంకొక్క సందేహం. ఆ స్టాపుల్లో చాలామంది స్పానిష్, మాంగ్ (లావోస్ వైపు నుంచి వచ్చినవాళ్ల భాష) మాట్లాడతారు. మా పాపకి రెండూ రావు. ఎలా అడుగుతుంది?

ఎల్ఏ టీచర్:
తను అడగక్కర్లేదు. టీంలో ఆ భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలుంటే వాళ్లే అడుగుతారు, మీ పాప రాసుకుంటుంది. అలాంటి పిల్లలు ఎంతమంది చేరుతున్నారో కనుక్కోండి. స్టైపెండ్ పెట్టేది కూడా అందుకే. వాళ్లలో చాలామంది వేసవిలో ఏదో ఒక పనికి వెళ్లి ఇంటికి డబ్బు తేవాలి, అది మానుకుని రావాలంటే ఆ మాత్రం చేతికి రావాలి. వాళ్లు లేకుండా మొదలైతే మాత్రం చేరేముందు గట్టిగా అడగండి.